కుంకుమ భరిణెతో పట్నం తిరిగిన రోజు

నా చిన్నప్పుడు నేను కొన్నాళ్ళు మూగదాన్ని. ఈ మాట నరసరావుపేటలో మా వీధివాళ్ళకు ఎవరికి చెప్పినా నమ్మరు. కరెంటు ఆఫీసు మొదలుకొని కూరగాయల బండి దాకా నాతో మాట పెట్టుకోవడానికి జంకేవాళ్ళే అందరూ. “నీ నోటికి లైసెన్సు ఎవరిచ్చారే తల్లీ” అని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర నిజంగానే జవాబుంది. మా అమ్మమ్మ ఇచ్చింది. పల్నాట్లో కాదు, హైదరాబాదు వీధుల్లో ఇచ్చింది. ఒక రోజంతా కాళ్ళు పీకేలా నడిపించి మరీ ఇచ్చింది.

మాది మాచర్ల. నాన్న ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. నేను మూడో తరగతి పూర్తిచేసిన వేసవిలో ఆయనకు హైదరాబాదు బదిలీ అయింది. చిక్కడపల్లిలో ఒక పాత ఇంటి వెనక వాటా అద్దెకు తీసుకున్నాం. బడిలో మొదటి రోజే టీచరమ్మ మీ ఊరి గురించి చెప్పమంటే లేచి నిలబడి, “మా ఊళ్ళో ఎండలు చానా ఎక్కువండీ” అన్నాను. తరగతి గొల్లుమంది. ఎందుకో నాకు తెలియలేదు. “ఏంది, ఎందుకు నవ్వుతన్నారు?” అన్నాను. ఈసారి టీచరమ్మ కూడా నవ్వింది. తోటిపిల్లలు నవ్వితే పోట్లాడవచ్చు. పెద్దవాళ్ళు కూడా నవ్వారంటే తప్పు తన దగ్గరే ఉందని పిల్ల అనుకుంటుంది. అంతే, ఆ రోజు నుంచి గడప దాటితే నా నోరు మూతపడింది. ఇంట్లో అమ్మ కొంగు పట్టుకుని వసపిట్టలా వాగేదాన్ని. బయట కాలు పెట్టగానే నాలుక రాయి అయిపోయేది. దీన్ని మొండితనం అనేవాళ్ళు. మొండితనం ఏంటో నాకు బాగా తెలుసు, ఇప్పటికీ దండిగా ఉంది. అది కాదు ఇది. మాట గొంతు దాకా వచ్చి అక్కడ కూర్చునేది.

బడివాళ్ళు కొంతకాలం చూశారు. వానలు వెనకబట్టే వేళకు నాన్నను పిలిపించి, పిల్లలో ఏదో లోపం ఉన్నట్టుందని, దసరా సెలవుల తర్వాత కూడా ఇలాగే ఉంటే పేరు తీసేస్తామని చెప్పారు. లోపం నవ్విన నోళ్ళలో ఉందని ఇవాళైతే నేను అదే గదిలో నిలబడి చెప్పగలను. నాన్న నెమ్మదైన మనిషి, తల ఊపి వచ్చేశారు. ఆ రాత్రి అమ్మతో అంటుండగా విన్నాను. పిల్లను అమ్మమ్మ దగ్గరకు పంపిద్దాం, ఊరి బడిలో చదువుకుంటుంది, మన మాటల మధ్య ఉంటే మళ్ళీ మాట్లాడుతుందేమో అని. ఆయన చెడ్డగా అనలేదు. కానీ అమ్మ అప్పటికి నిండు నెలలతో ఉంది. పుట్టబోయే తమ్ముడో చెల్లెలో అమ్మ పక్కన పడుకుంటుంది, నేను గురజాల అవతల పల్లెలో పడుకుంటాను. ఆ సంగతి తలచుకుంటే ఇంట్లో కూడా నాకు మాట ఆగిపోయేది.

పురుడు పుట్టింట్లో పోయాలి. డాక్టరమ్మ ప్రయాణం వద్దనడంతో మా అమ్మమ్మే రైలెక్కి వచ్చింది. ఒక చేతిలో కారం డబ్బా, గోంగూర పచ్చడి జాడీ, రెండో చేతిలో ఒక ఖాళీ సంచి. ఆ సంచి ఎందుకో అడగాల్సిన పని లేకపోయింది. వెళ్ళేటప్పుడు నా బట్టలు పెట్టడానికి. అది మా గదిలో కొక్కేనికి వేలాడుతుండేది. నిద్రలేవగానే దాన్నే చూసేదాన్ని.

మా అమ్మమ్మ పొడుగ్గా, ఎండుమిరపకాయలా ఉండేది. తాతయ్య చిన్న వయసులోనే పోతే, ఆడపిల్లనూ ముగ్గురు మగపిల్లలనూ మిరపచేల మీద పెంచుకొచ్చిన మనిషి. మాట్లాడితే ఎదుటివాడు చెప్పులు వెతుక్కోవాల్సిందే. తమ్ముడు పుట్టిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం వాడికి నీళ్ళు పోసి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. “నీకు ఉండాలనుందా, నాతో రావాలనుందా?” అంది. అమ్మ దగ్గరే ఉంటానన్నాను. “మరి ఆ ముక్క బడిలో జెప్పవేందే?” అంది. “రావట్లా అమ్మమ్మా” అన్నాను. తమ్ముడి అరికాళ్ళకు సాంబ్రాణి పొగ పట్టిస్తూ చాలాసేపు ఆలోచించింది. ఏదో ఒక పంటను ఏ చేలో వెయ్యాలా అని ఆలోచించే మొహం అది.

తమ్ముణ్ణి ఉయ్యాలలో వేసే రోజు దగ్గరపడింది. మా వైపు ఉయ్యాల పేరంటమంటే ఆడవాళ్ళందరినీ బొట్టు పెట్టి పిలవాలి. కబురు పంపితే అది పిలుపు కాదు. కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ నడిచి వెళ్ళి, బొట్టు పెట్టి, ఎవరింట్లో, ఏ శుభం, ఎప్పుడు రావాలో సొంత నోటితో చెప్పాలి. వరసలో ఒక్క ఇల్లు వదలకూడదు. పొలం గట్టు దగ్గర కొట్టుకున్నవాళ్ళైనా సరే, గురజాల కోర్టులో వాయిదాలకు తిరుగుతున్నవాళ్ళైనా సరే, పిలుపు దగ్గర వాళ్ళ గుమ్మం దాటిపోకూడదు. రావడం, మానడం వాళ్ళిష్టం. పిలవడం మన వంతు.

నాన్న ఆఫీసులో నలుగురికి చెప్తే చాలన్నారు. హైదరాబాదులో ఎవరిని పిలుస్తాం, మనకెవరు తెలుసు అన్నారు. అమ్మమ్మ తలుపు చాటు నుంచే, “పట్నమైతే ఏంది నాయనా, ఈడ ఇళ్ళకి గుమ్మాలు లేవా?” అంది. మా వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ వాళ్ళు ఎక్కడెక్కడున్నారో ఆమె ఊళ్ళోనే కనుక్కుని వచ్చింది. బర్కత్‌పురాలో ఒక చుట్టం, కాచిగూడలో మాచర్ల కుటుంబం, సుల్తాన్‌బజారులో మా ఊరి కోమట్ల అమ్మాయి, మూసీ అవతల చార్మినారు దగ్గర ఇంకొకరు. వాళ్ళ వాకిళ్ళూ, వాళ్ళ పక్క వాకిళ్ళూ అన్నీ నడిచి పిలవాలి. బస్సెక్కితే మధ్యలో ఇళ్ళన్నీ దాటిపోతాయి, అది పద్ధతి కాదంది.

అంతా చెప్పి భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను బిత్తరపోయాను. “నేను ముత్తయిదువను కాదుగా, పిలుపులకి నేను నోరు తెరవగూడదు. మీ అమ్మ పచ్చిబాలింత. ఇంక ఈ ఇంట్లో ఆడమనిషివి నువ్వే” అంది. అమ్మ ఎందుకో గబుక్కున తల వంచుకుని తమ్ముడి దుప్పటి సర్దింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తుందనుకున్నాను.

పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరాం. ముందు మా వీధి. మొదటి గుమ్మం గోదావరి జిల్లా నుంచి వచ్చినావిడది. తలుపు తీసింది. బొట్టు పెట్టాను. మాట లేదు. “ఎవరింట్లోనమ్మా? ఏంటండీ విశేషం?” అని ఆవిడ నన్నూ, గేటు దగ్గర నిలబడ్డ అమ్మమ్మనూ మార్చి మార్చి అడిగింది. అమ్మమ్మ, ఆవిడ అడిగింది తనను కాదన్నట్టు, ఆకాశం వంక చూస్తూ పమిట సర్దుకుంది. “పాపం, మాటలు రావు గావాల్నండీ” అని ఆవిడ నా తల నిమిరి తలుపేసుకుంది. రెండో గుమ్మంలోనూ అంతే. మూడోదాంట్లోనూ అంతే. వీధి చివరకొచ్చాక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే అమ్మమ్మ కొంగుతో తుడిచింది. జాలి మాత్రం పడలేదు. “పిలుపు లేని బొట్టు మొకాన ఎర్ర మచ్చ, అంతే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఈ గడపలన్నీ మళ్ళా ఎక్కాల. పా” అంది.

నేను హైదరాబాదును మొదటిసారి చూసింది ఆ రోజే. అంతకుముందు నాకు తెలిసింది ఇల్లు, బడి, వాటి మధ్య వీధి. నారాయణగూడ దాటి బర్కత్‌పురాలోకి వెళితే లోకమే మారిపోయింది. ఎత్తైన ప్రహరీలు, లోపల జామచెట్లు, ఎవరూ తీసి ఏళ్ళయినట్టున్న పెద్ద గేట్లు. అక్కడ మా చుట్టం ఇంట్లో లేరు. పక్కింటి ముసలావిడ మరాఠీలోనో కన్నడంలోనో ఏదో అడిగింది. నేను బొట్టు పెట్టాను. ఆవిడ లోపలికి వెళ్ళి నా దోసిట్లో గుప్పెడు పటికబెల్లం పోసింది. అంతకుమించి ఆ గుమ్మంలో ఏమీ జరగలేదు. దారి పొడుగునా అమ్మమ్మ ఏదో ఒకటి చూపిస్తూనే ఉంది. ఆ ఇంటి మేడ మీద పావురాల గూడు చూడు, ఈ బండిమీద సీతాఫలాలు చూడు, మన నాగులేరు గట్టున కాసేవి ఇంతకంటే తీపి, అంటూ. చేను గట్టు మీద నడిచే నడక ఆమెది. నేను పరుగులాంటి నడకతో అందుకునేదాన్ని.

కాచిగూడ వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది. స్టేషను దగ్గర బొగ్గు వాసన, సందులోకి తిరగ్గానే గేదెల కొట్టాల వాసన. ఇంత పెద్ద పట్నం నడిబొడ్డున గేదెలు! అవి నెమరు వేస్తూ నా వైపు చూస్తే, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళు మొదటిసారి కనపడినట్టనిపించింది. మాచర్ల కుటుంబం ఉండే వాటాల వరసలో మొదటి గుమ్మం ఇంటి యజమానురాలిది. ఆమె అరుగు మీద తంగేడు పూలూ, గునుగు పూలూ కుప్పలు పోసుకుని బతుకమ్మకు ఏరుకుంటోంది. నేను వెళ్ళి నిలబడి ఆమె నుదుట బొట్టు పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కొంగుముడి విప్పి ఒక పావలా బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి, “అమ్మవారి చందానా బిడ్డా? పో, మంచిగ చెయ్యిండ్రి” అని మళ్ళీ పూలల్లో తల దూర్చింది.

నవరాత్రుల రోజులు. కుంకుమ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నోరు తెరవని పిల్లను ఎవరైనా ఏమనుకుంటారు? ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ తప్పు రవ్వంత కూడా లేదు. కానీ ఆ బిళ్ళ నా అరచేతిలో నిప్పుకణికలా కాలింది. మా ఇంట శుభం జరుగుతోంది, నేను పిలవడానికి వచ్చాను, పిలిచేవాళ్ళకు ఎదురు దానం ఇస్తారా? అమ్మమ్మ వైపు చూశాను. ఆమె ఒక గేదెను చూస్తోంది. ఆ గేదెలో అంత చూడాల్సిందేముందో!

“మేం అడుక్కునేటోళ్ళం కాదు!”

ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. సందులో ఆ చివరి దాకా వినపడి ఉంటుంది. “మా తమ్ముణ్ణి ఉయ్యాల్లో ఏస్తన్నాం శుక్రారం సాయంత్రం! చిక్కడపల్లి! మా అమ్మ పిలవమంటే వచ్చాం! బొట్టు పెడితే పైసలిస్తారా ఎవురైనా? ఏంది మీ ఊరి పద్ధతి!” అని బిళ్ళను ఆమె పూలకుప్ప మీద పెట్టేశాను.

నేను నవ్వు కోసం ఎదురుచూశాను. అలవాటైపోయింది కదా. ఆవిడ నవ్వలేదు. రెండు చేతులూ చెంపలకు కొట్టుకుని, “అయ్యో బిడ్డా, తప్పైంది! శుభం పిలుపుకొస్తే చిల్లర పెడ్తినా! ఏమనుకోకు తల్లీ. కూసో, ముందుగాల నీళ్ళు తాగు. మీ తమ్మునికి నేనే పూలు తెస్త. ఎన్నిగంటలకు రావాలె?” అంది. అప్పుడు విన్నాను ఆమె మాట. రావాలె, తెస్త, ముందుగాల. ఇది కూడా బడిలో మాట కాదు. గోదావరావిడ ‘గావాల్నండీ’ కూడా కాదు. ఈవిడ ఈ మాటతోనే ఇంత ఇల్లూ, ఇన్ని గేదెలూ, ఇంత ధైర్యమూ పెట్టుకుని బతుకుతోంది. ఆమెలో లోపం ఉందని ఎవరూ అనలేదు.

మంచినీళ్ళు తాగి, ఆ వరసలో మాచర్ల వాళ్ళతో సహా అందరినీ పిలిచి, సందు మలుపు తిరిగాక అమ్మమ్మ ఒక్క మాట అంది. “చూశావా? నువ్వెవరివో నువ్వు చెప్పకపోతే, ఊరు దాని ఇష్టమొచ్చినట్టు అనుకుంటది. అది ఊరి తప్పు కాదే.” అని ముందుకు నడిచింది. మెచ్చుకోలు లేదు, ముద్దు లేదు. కానీ ఆ తర్వాత సీతాఫలాల బండి దగ్గర ఆగి అన్నిటికంటే పెద్దది నాకు కొనిపెట్టింది.

అక్కడి నుంచి నాకు దారి గుర్తున్నది నోటితోనే. బడీచౌడీ బజారులో కూరగాయల గుట్టల మధ్య నుంచి, సుల్తాన్‌బజారులో చీరల దుకాణాల ముందు నుంచి, కోఠీలో పాత పుస్తకాలు పరిచిన కాలిబాట మీదుగా నడిచాం. ప్రతి మలుపులో నేనే దారి అడిగాను. తప్పు దారి చెప్పినవాళ్ళతో తగాదా పెట్టుకున్నాను. మా ఊరి కోమట్ల అమ్మాయి మమ్మల్ని చూసి దుకాణం గల్లా మీద నుంచి లేచి వచ్చింది. ఆమె పక్క దుకాణం మార్వాడీ ఆవిడ, నేను చెప్పింది ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఉయ్యాల ఊపుతున్నట్టు చేతులాడిస్తే పకపకా నవ్వి తలూపింది. ఆ నవ్వు వేరు. ఏ నవ్వు నన్ను బయటకు నెడుతుందో, ఏది లోపలికి రమ్మంటుందో ఆ రోజే నాకు తేడా తెలిసింది.

అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదకు వచ్చాం. కింద మూసీ సన్నగా, బురదగా ఉంది. అమ్మమ్మ వంగి చూసి, దీనికా ఇంత పెద్ద వంతెన కట్టారు అని పెదవి విరిచింది. కృష్ణను చూసిన కళ్ళు కదా. వంతెన అవతల మాట మారిపోయింది, బోర్డుల మీద రాతా మారిపోయింది. రాతి కమానుల కింద అత్తర్లు, ముత్యాలు, పెళ్ళికొడుకుల తలపాగాలు. గాజుల అంగళ్ళ సందెక్కడని తెలుగులోనే అడిగాను. అత్తరు దుకాణం తాత, “సీదా పో బేటీ, చార్మినార్ కాడ కుడిచెయ్యి” అన్నాడు. నా మణికట్టుకు ఇంత మల్లె అత్తరు రాశాడు.

ఆ సందు వెనక ఒక పచ్చ తలుపుల ఇంటి ముందు అమ్మమ్మ ఆగింది. ఆ ఇంటి కోడలు మా అమ్మమ్మ ఊరి దూదేకుల వాళ్ళ అమ్మాయి. అమ్మతో కలిసి గచ్చకాయలాడిన నేస్తం. పెళ్ళయి ఇంత దూరం వచ్చి, పుట్టింట్లో ఎవరూ మిగలక, ఊరి వైపు రావడమే మానుకుంది. నేను భరిణె మూత తియ్యబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఊళ్ళో ఉన్నప్పుడు పెట్టుకునేది. ఈ ఇంటి కట్టు వేరు. ఇక్కడ బొట్టు పెట్టకూడదు. మూత పెట్టు. నోటితోనే పిలువు” అని గోడ వారగా జరిగి నిలబడింది.

పొద్దుట్నుంచి భరిణె నాకు అడ్డుగా ఉంది. చెయ్యి చేసే పని చేసేది, నోరు దాని వెనక దాక్కునేది. ఇప్పుడు దాక్కోవడానికేమీ లేదు. గొళ్ళెం కొట్టాను. సన్నటి ఆవిడ ఒకరు తలుపు కొద్దిగా తీసి ఉర్దూలో ఏదో అడిగింది.

“పిన్నీ, మాది మాచర్ల” అని అమ్మ పేరు చెప్పాను. “నాకు తమ్ముడు పుట్టాడు. శుక్రారం సాయంత్రం ఉయ్యాల్లో ఏస్తన్నాం. నువ్వు రాకపోతే మా అమ్మ చానా బాధపడద్ది.”

తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆమె గడప మీదే కూలబడినట్టు కూర్చుని నా గడ్డం పట్టుకుంది. చేతులకు గాజుల లక్క వాసన. “ఇంకోసారి అను తల్లీ” అంది.

“ఏంది?”

ఆ మాటకే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “అదే. చానా అన్నావే, అది. ఎన్నేళ్ళయిందో ఆ మాట ఇని. మా పిల్లలకి గూడా రాదు.”

నేను మళ్ళీ అన్నాను. బడిలో నన్ను మూగదాన్ని చేసిన ఆ రెండక్షరాలను ఆ గుమ్మంలో ఆమె ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అన్నాను. అప్పుడు గోడ వార నుంచి అమ్మమ్మ ఇవతలకు వచ్చింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకున్న పట్టు చూసి నేను భరిణెను గుండెకు ఆనించుకుని పక్కకు జరిగాను.

తిరుగుదారి రెండంతస్తుల బస్సులో, పై అంతస్తులో, ముందు సీట్లో. పొద్దున నుంచి నడిచిన వీధుల్లో కొన్ని ఇప్పుడు కింద నుంచి వెనక్కి పోతున్నాయి. అదిగో పుస్తకాల కాలిబాట, అదిగో చీరల దుకాణం మలుపు అని అమ్మమ్మకు వేలు పెట్టి చూపించాను. పొద్దున ఎవరిదో అయిన ఊరు సాయంత్రానికి కొంచెం నాది అయింది. చిక్కడపల్లిలో దిగి, దీపాలు పెట్టే వేళకు, పొద్దున మూగగా బొట్టు పెట్టిన గడపలన్నీ మళ్ళీ ఎక్కాను. గోదావరావిడ, “అమ్మ పిడుగా! నోరుందండీ దీనికి!” అని ముక్కున వేలేసుకుంది.

శుక్రవారం సాయంత్రం మా వెనక వాటాలో కాలు పెట్టే సందు లేదు. కాచిగూడ ఆవిడ బుట్టెడు పూలు తెచ్చి ఉయ్యాల గొలుసులకు తనే చుట్టింది. మార్వాడీ ఆవిడ వెండి గిలక్కాయ తెచ్చింది. పచ్చ తలుపుల పిన్ని గడప దగ్గర బురఖా తీసి మడిచి, అమ్మను కావలించుకుని, అమ్మమ్మ ఊళ్ళో పాడే జోలపాట అందుకుంది. నాన్న వీధి అరుగు మీద నిలబడి లోపలికి పోతున్న ఆడవాళ్ళను వింతగా చూశారు. “ఇంతమంది తెలుసా మనకీ ఊళ్ళో?” అన్నారు. శనగల పళ్ళెంతో వచ్చిన అమ్మమ్మ, “మీకు తెలీదేమో గానీ మీ కూతురికి తెలుసు నాయనా” అంది.

అమ్మమ్మ వెళ్ళే రోజు ఖాళీ సంచి కొక్కేనికి లేదు. నిండిపోయింది. పిన్ని ఇచ్చిన గాజులు, పటికబెల్లం, దారికని నాన్న కొన్న సీతాఫలాలు. నా బట్టలు అలమరలోనే ఉన్నాయి. సెలవుల తర్వాత బడిలో నేను “చానా” అనగానే వెనక బల్ల మళ్ళీ నవ్వింది. నేను తిరిగి, “మా ఊరొచ్చి మాట్టాడండి, మీ మాటకి మా గేదెలు గూడా నవ్వుతయ్” అన్నాను. టీచరమ్మ నన్ను బల్ల ఎక్కించి నిలబెట్టింది. బల్ల మీద నుంచి కూడా మాట్లాడాను. లోపం పోయిందని నాన్నకు కబురొచ్చింది. పిల్ల అల్లరి ఎక్కువైందని ఆ తర్వాత చాలా కబుర్లొచ్చాయి.

మరుసటి వేసవిలో అమ్మమ్మ ఊరు వెళ్ళాం. పెద్దమామయ్య ఇంట్లో ఏదో శుభకార్యం. మిట్టమధ్యాహ్నం నేను అరుగు మీద ఆడుకుంటుంటే వీధిలో అమ్మమ్మ పోతోంది. తల మీద కొంగు, చేతిలో అదే భరిణె. ప్రతి గుమ్మంలో ఆగి, ముత్తయిదువలకు తన చేత్తో బొట్టు పెట్టి, తన నోటితో పిలుస్తోంది. ఒక్కరూ కాదనడం లేదు. తాతయ్య పోయిన ఏడాది నుంచీ ఆమె ఇలాగే పిలుస్తోందని, మొదట్లో గొణిగినవాళ్ళకు వీధి నడుమ ఏం జవాబు చెప్పిందో అమ్మ ఆ సాయంత్రం నవ్వుతూ చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది, దుప్పటి సర్దుతూ అదిరిన అమ్మ భుజాలు.

నేను ఊరుకుంటానా? పరుగెత్తి వెళ్ళి వీధిలోనే నిలదీశాను. “నువ్వు పిలవగూడదన్నావుగా అమ్మమ్మా!”

“ఏందే, ముసలిదాన్ని కోర్టుకెక్కిస్తావా?” అంది. నా మొహంలోకి చూసి చిన్నగా నవ్వింది. “ఆ రోజు నువ్వు పిలవాల, అందుకని నేను పిలవగూడదు. ఈ రోజు నువ్వాడుకో.”

ఆమె ఏ మనిషి ముందూ తల వంచని మనిషి. తనకు నచ్చని కట్టుబాటును ఊరంతా చూస్తుండగా తోసేసిన మనిషి. నా కోసం ఒక్క రోజు, తెలియని పట్నంలో, తెలియని గుమ్మాల ముందు, ఆ కట్టుబాటునే నెత్తిన వేసుకుని నోరు మూసుకుని నిలబడింది. ఆమెకు మాట్లాడకుండా ఉండటమెంత కష్టమో ఆమె నోరు వచ్చిన నాకు బాగా తెలుసు. మాట్లాడి పెంచినవాళ్ళు చాలామంది ఉంటారు. నన్ను ఆమె మాట ఆపుకుని పెంచింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గేదెను చూస్తూ నిలబడ్డ ఆమె వీపు తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి హైదరాబాదులో, ఆ రోజు మేము నడిచిన వీధులకు చాలా దూరంగా, ఆకాశాన్నంటే అపార్టుమెంటులో ఉంటోంది. మొన్న దాని గృహప్రవేశానికి వెళ్ళాను. అందరికీ ఫోన్లో కార్డు పెట్టేశానమ్మా అంది. పక్క ఫ్లాటువాళ్ళ పేరేంటే అంటే తెలీదంది. నేను భరిణె తీసుకుని లిఫ్టు వదిలేసి మెట్ల మీదుగా అంతస్తు అంతస్తూ దిగాను. బెల్లు కొట్టిన ప్రతిచోటా తలుపు సందులోంచి ఒక కన్ను కనపడింది. డెలివరీ అనుకున్నవాళ్ళు కొందరు, చందా అనుకున్నవాళ్ళు కొందరు. నాకు కోపం రాలేదు. అది ఊరి తప్పు కాదని నాకు చిన్నప్పుడే చెప్పారు. నేనెవరో, ఎవరింట్లో, ఏ శుభమో చెప్పాను. ఒకచోట చదువుకునే అమ్మాయి తలుపు తీసి, “ఆంటీ, మీరు చానా అన్నారు, మీది పల్నాడా? మాది వినుకొండ” అంది. ఆ పిల్ల గొంతులో ఎన్ని నెలల ఒంటరితనం ఉందో నేను కొలవలేను గానీ, తలుపు మాత్రం పూర్తిగా తీసింది.

ఈ ఊళ్ళో అలా మాట్లాడితే నవ్వుతారాంటీ, నేను మానేశాను అని చిన్నగా అంది. నేను దాని గడ్డం పట్టుకున్నాను. ఆ పట్టు నాది కాదు. పచ్చ తలుపుల గుమ్మంలో గాజుల లక్క వాసన వేసే చేతుల నుంచి నాకు వచ్చింది.

“ఇంకోసారి అను తల్లీ” అన్నాను.